రాజరత్నం మాస్టారి డౌట్లు

రాజరత్నం మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే, డౌటు. నలుగురు కూర్చున్నచోట ఎవరైనా ఏదైనా వివరిస్తుంటే సరిగ్గా మధ్యలో లేచి, కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని, "నాకో డౌటండీ" అనకుండా ఆయన ఉండలేరు. పోనీ అది గొప్ప డౌటైనా బాగుండేది. మూడో క్లాసు పిల్లలు కూడా అడగడానికి మొహమాటపడే డౌటు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఇన్ని చిన్న సంగతులు తెలియకుండా ఎలా మిగిలిపోయాయో మా ఊళ్లో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఆయన భార్య పేరు బేబి. అరవై ఎనిమిదేళ్ల బేబి గారు ఈ డౌట్లతో నలభై నాలుగేళ్లుగా కాపురం చేస్తున్నారు. "పెళ్లిచూపులకొచ్చి, మా అక్కచెల్లెళ్లం నలుగురం వరసగా కూర్చుంటే, మా నాన్న మొహమ్మీదే అడిగారమ్మా, ఇందులో పెళ్లికూతురు ఎవరండీ అని" అంటూ ఆవిడ ఇప్పటికీ నవ్వుతారు.

మాస్టారి సంగతులు చెప్తే మా ఊరంతా నవ్వుతుంది. నేనూ నవ్విస్తాను. కానీ నిరుడు వేసవి సెలవుల్లో ఆయన విషయంలో నేను చేసిన పని గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ తల ఎత్తలేను. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, చివరికొచ్చాక దాటెయ్యడానికి వీల్లేకుండా.

ముందు ఆయన ప్రతాపాలు రెండు వినండి.

మా చర్చిలో అనిల్ కుమార్ పెళ్లి. అయ్యగారు పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, "ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను" అని చదివారు. ఆ మాట తర్వాత చర్చిలో ఎంత నిశ్శబ్దం ఉంటుందో పెళ్లికెళ్లిన వాళ్లందరికీ తెలుసు. ఆ నిశ్శబ్దంలో మూడో వరస బెంచీ కిర్రుమంది. మాస్టారు లేచారు.

"అయ్యగారూ, నాకో డౌటండీ."

పెళ్లికూతురు తల్లి గుండె పట్టుకుంది. పెళ్లికూతురు మేనమామ చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఏంటండీ మాస్టారూ మీ అభ్యంతరం?"

"అభ్యంతరం కాదండీ, డౌటు. ఉంగరం ఏ చేతికి తొడగాలండీ? ఏ వేలికి?"

అయ్యగారు ఊపిరి పీల్చుకోడానికి ఒక నిమిషం పట్టింది. "ఎడమ చేతి నాలుగో వేలికి" అన్నారు పళ్లు బిగించి. చర్చి చర్చంతా గొల్లుమంది. పెళ్లికూతురు తల్లి మాత్రం భోజనాల దగ్గర కూడా ఆయన ఉన్న వైపు చూడలేదు.

ఇంకోసారి రాజమండ్రి బస్టాండులో. కోరుకొండ బస్సెక్కి కూర్చున్నాం. బస్సు నుదుటి మీద, పక్కన, వెనక, మూడు చోట్లా కోరుకొండ అని ఉంది. కండక్టరు రాగానే మాస్టారు లేచి నిలబడ్డారు.

"బాబూ, నాకో డౌటు. ఈ బస్సు కోరుకొండ వెళ్తుందా?"

"బోర్డు చూళ్లేదాండీ?"

"చూశాను బాబూ. వెళ్తుందా?"

"కోరుకొండ బోర్డు పెట్టుకుని కాశీ వెళ్తామాండీ?"

"అంటే వెళ్తుందన్నమాట. థాంక్సు బాబూ" అని కూర్చున్నారు. బస్సంతా నవ్వింది. నేను ఆయన పక్క సీట్లోనే ఉన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ ఈయనెవరో నాకు తెలియదన్నట్టు మొహం పెట్టాను. మా వెనక సీట్లో ఉన్న ముసలావిడ మాత్రం ఒళ్లో సంచీ సర్దుకుని హాయిగా వెనక్కి వాలింది. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

ఇక నా సంగతి. నా పేరు వినీల. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. మా ఊరు సామర్లకోటకు దగ్గర. భీమవరం నుంచి వచ్చి మా వైపు రొయ్యల చెరువులు పెట్టి, ఆ తర్వాత ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు కూడా పెట్టిన కృష్ణంరాజు గారు నిరుడు ఏప్రిల్లో నన్ను పిలిచారు.

"అమ్మా, వేసవి సెలవుల్లో పిల్లలు ఫోన్లలో రీల్స్ చూసి పాడైపోతున్నారండి. మా స్కూలు లాప్‌టాప్‌లు ఆరు ఇస్తాను. పదిరోజులు మీ చర్చి హాల్లో క్లాసు పెట్టు. చూడ్డం కాదు, తయారుచెయ్యడం నేర్పు. పదోరోజు తల్లిదండ్రుల్ని పిలిచి తెర మీద వేద్దాం. బాగా చేశావనుకో, జూన్లో కంప్యూటర్ టీచర్ పోస్టు ఖాళీ ఉంది."

ఆ చివరి మాట కోసం నేను పది రోజులు కాదు, పది నెలలైనా చెప్పేదాన్ని. రెండేళ్లుగా ఉద్యోగం లేదు. "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగిన వాళ్లందరికీ జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉన్నాను.

పద్దెనిమిది మంది పిల్లలు వచ్చారు. చర్చి హాలే గానీ ఊళ్లో అన్ని వీధుల పిల్లలూ ఉన్నారు. స్లయిడ్లు పెట్టడం, మౌసుతో బొమ్మలు గీయడం, వాటికి కదలికలివ్వడం, తమ గొంతు రికార్డు చేసి అతికించడం, మైనం బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఫోన్లో ఫొటోలు తీసి వాటన్నిటినీ కలిపి నడిపించడం, ఇవన్నీ నేర్పాలని నా ప్లాను. ఒక్కొక్కళ్లు ఒక్కో విషయం తీసుకున్నారు. జాషువా సామర్లకోట స్టేషను తీసుకున్నాడు. శ్రీదుర్గ కోరుకొండ మెట్లు. పదేళ్ల ఆశాజ్యోతి వాళ్ల నాన్న చెరువుల మీద పనిచేస్తాడు కాబట్టి 'రొయ్యకి జబ్బు చేస్తే' అని పెట్టుకుంది.

హాలు తాళం సంఘ పెద్దగా రాజరత్నం మాస్టారి దగ్గరుంటుంది. తాళం తీసి ఆయన ఇంటికెళ్లిపోవాలి. వెళ్లలేదు. మడత కుర్చీ ఒకటి చంకలో పెట్టుకొచ్చి, పిల్లల మధ్యలో వేసుకుని కూర్చున్నారు.

"మీరెందుకండీ మాస్టారూ ఎండలో?"

"ఖాళీగానే ఉన్నాను కదమ్మా. నేనూ నేర్చుకుంటాను."

నా గుండె జారిపోయింది. జారడం తప్పేం కాదని పావుగంటలోనే తేలింది.

"ఇదిగో, ఇక్కడ ఇన్సర్ట్ అని ఉంది. ఇది నొక్కితే బొమ్మ వస్తుంది. అర్థమైందా?"

"ఆయ్, అర్థమైందండీ!" అని పద్దెనిమిది గొంతులు ఒక్కసారిగా అన్నాయి. మా పిల్లల మర్యాద అంత గట్టిది. పందొమ్మిదో గొంతు మాత్రం లేచి నిలబడింది.

"అమ్మా, నాకో డౌటు. బొమ్మ వస్తుందన్నావు. ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"కంప్యూటర్లోంచేనండీ."

"అందులోకి ఎవరు పెట్టారు?"

అదంతా చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మర్నాడు మరోటి. "అమ్మా, నాకో డౌటు. ఈ తెర మీద వేలు పెడితే షాకు కొడుతుందా?" ఆ మర్నాడు ఇంకోటి. "అమ్మా, నాకో డౌటు. ఈ అన్‌డూ నొక్కితే మనం చేసిన తప్పు ఎవరికైనా తెలిసిపోద్దా?"

"ఎవరికీ తెలీదండీ. అందుకే ఉందది."

"ఎంత మంచి మీట పెట్టారమ్మా!" అని ఆయన ఆశ్చర్యపోయి కూర్చున్నారు.

నాలుగో రోజుకి నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పొద్దున్న తొమ్మిదికి మొదలైతే పన్నెండు లోపు పదకొండు డౌట్లు. ఇంటికెళ్లి మా అమ్మ ముందు ఆయన కళ్లజోడు తోసుకోవడం, లేవడం, "నాకో డౌటు" అనడం అంతా అనుకరించి చూపించేదాన్ని. మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వి, "పెద్దాయన్నలా అనకే" అనేది. నేను ఇంకా బాగా చేసి చూపించేదాన్ని.

ఆరోరోజున కృష్ణంరాజు గారు క్లాసు చూడ్డానికి వచ్చారు. నేను రాత్రంతా తయారై, పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. ఒక చిలక తెర ఎడమ పక్కనుంచి ఎగురుకుంటూ వచ్చి, చెట్టు మీద వాలి, నెమ్మదిగా మాయమయ్యేలా చేసి చూపించాను. ఎగిరొస్తే ఫ్లై ఇన్, కరిగిపోతే డిజాల్వ్ అని వివరించాను. రాజు గారు తల ఊపుతున్నారు. అప్పుడే మడత కుర్చీ కిర్రుమంది.

"అమ్మా, నాకో డౌటు. ఈ చిలకని మనం చెరిపేశాం అనుకో. అది అసలు ఉండేదని కంప్యూటర్‌కి గుర్తుంటుందా, మర్చిపోద్దా?"

రాజు గారు పగలబడి నవ్వారు. "ఏంటమ్మా వినీలా, పిల్లల క్లాసనుకున్నాను. పెద్దోళ్లక్కూడా ఎల్‌కేజీ పెట్టావా?"

ఆయన సరదాగానే అన్నారు. నాకు మాత్రం చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. జూన్ పోస్టు చిలకతో పాటు ఎగిరిపోతున్నట్టే అనిపించింది. రాజు గారు కారెక్కి వెళ్లిన మరుక్షణం, పిల్లలందరూ చూస్తుండగా, మాస్టారి ముందుకెళ్లి నిలబడ్డాను.

"మాస్టారూ, ఇది చిన్నపిల్లల క్లాసు. వాళ్లకి అర్థమవుతోంది, మీకే అవట్లేదు. మీ ఒక్కళ్ల కోసం పద్దెనిమిది మంది టైము పాడు చెయ్యలేను. దయచేసి రేపట్నుంచి రాకండి."

ఆయన పిల్లల వైపు ఒకసారి చూశారు. జేబులోంచి హాలు తాళం తీసి నా చేతిలో పెట్టారు. కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"అమ్మా..."

"మళ్లీ డౌటా?" అన్నాను. ఎంత వెటకారంగా అన్నానో రాయడానికి కూడా చెయ్యి రావట్లేదు.

"కాదమ్మా. గొళ్లెం కొంచెం గట్టిగా లాగాలి, లేకపోతే పడదు. అది చెబుదామని" అని వెళ్లిపోయారు. పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వుతారేమోనని నేనే ఎదురుచూశాను.

ఏడోరోజు క్లాసు ఎంత సాఫీగా సాగిందో చెప్పలేను. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పాను. "అర్థమైందా?" అంటే "ఆయ్, అర్థమైందండీ!" అన్నారు. మూడు గంటల పాఠం గంటన్నరలో అయిపోయింది. నేను గొప్ప టీచర్నని నాకే అనిపించింది.

ఎనిమిదోరోజు అందరి పనీ పూర్తయింది. స్కూల్లో అడ్మిషన్లు మొదలవుతున్నాయి, లాప్‌టాప్‌లు తుడిచి శుభ్రంగా పంపమని రాజు గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. నేను నా పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టి పిల్లలకి చెప్పాను.

"ఒక్కొక్కళ్లే వచ్చి ఎవరి ఫోల్డర్లోంచి వాళ్ల ఫైలు ఇందులోకి కాపీ చెయ్యండి. మధ్యలో కంప్యూటర్ ఏదైనా అడుగుతుంది. కంగారు పడకండి. మొదట కనిపించేదే నొక్కెయ్యండి. అర్థమైందా?"

"ఆయ్, అర్థమైందండీ!"

పద్దెనిమిది మందీ బుద్ధిగా వరసలో నిలబడి కాపీ చేశారు. నేను సర్టిఫికెట్ల మీద పేర్లు రాస్తూ కూర్చున్నాను. తొమ్మిదోరోజు లాప్‌టాప్‌లు ఆరింట్లోనూ ఉన్నవన్నీ తుడిచేసి పంపించేశాను.

పదోరోజు సాయంత్రం ఐదింటికి సభ. మూడింటికి నా లాప్‌టాప్‌లో పెన్ డ్రైవ్ పెట్టి చూసుకున్నాను. అందులో ఒక్కటే ఫైలు ఉంది. పెన్ డ్రైవ్ తీసి, ఊది, మళ్లీ పెట్టాను. ఒక్కటే ఉంది. తెరిస్తే రొయ్య కనిపించింది. ఆశాజ్యోతి రొయ్య, నెత్తిన తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉంది.

అప్పుడు తెలిసింది. ఏ పిల్లా, ఏ పిల్లాడూ తమ ఫైలుకి పేరు పెట్టలేదు. పెట్టాలని నేను చెప్పలేదు. పద్దెనిమిది ఫోల్డర్లలోనూ పద్దెనిమిది ఫైళ్లకీ కంప్యూటర్ తనంతట తను పెట్టుకున్న పేరు ఒక్కటే, ప్రెజెంటేషన్ వన్. రెండోవాడు కాపీ చేస్తుంటే, ఈ పేరుతో ఒకటి ముందే ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టమంటావా అని కంప్యూటర్ ఇంగ్లీషులో అడిగింది. మొదట కనిపించేదే నొక్కమన్నాను కదా, నొక్కాడు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు, ఎంతో మర్యాదగా, ముందున్న వాళ్లని చెరిపేస్తూ వచ్చారు. వరసలో చివరిది ఆశాజ్యోతి.

తొందరగా వచ్చిన పిల్లలు హాల్లో మామిడి తోరణాలు కడుతున్నారు. అందర్నీ పోగేసి అడిగాను. సామర్లకోట స్టేషను పోయిందని తెలిసి జాషువా నేల మీద కూలబడ్డాడు. "నువ్వే మావన్నీ తినేశావ్" అని నలుగురు ఆశాజ్యోతి మీద పడ్డారు. ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

"అలా అడిగినప్పుడు ఇదేంటి మిస్ అని నన్ను అడగొద్దా? ఒక్కళ్లకి కూడా డౌట్ రాలేదా?" అని అరిచాను.

"వచ్చిందండీ" అంది శ్రీదుర్గ.

"వస్తే అడగాలి కదా!"

"తాతగారు లేరు కదండీ."

"తాతగారికీ దీనికీ ఏంటి సంబంధం?"

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. జాషువా ముక్కు తుడుచుకుని చెప్పాడు. "మాకు డౌటొస్తే తాతగారి చెవిలో చెప్తామండీ. ఆయన లేచి ఆయన డౌటులాగా అడుగుతారండీ. షాకు కొడుతుందా అన్నది శ్రీదుర్గ డౌటండీ. అన్‌డూ డౌటు నాదండీ. నేను వీడి బొమ్మ చెరిపేశానండీ, తెలిసిపోద్దేమోనని."

"చిలక డౌటు నాదండీ" అంది ఆశాజ్యోతి. "చెరిపితే మళ్లీ వస్తుందో రాదో తెలీలేదండీ."

"మీరే నన్ను అడగొచ్చు కదమ్మా" అన్నాను.

శ్రీదుర్గే, చాలా మర్యాదగా, "మీరు వెటకారం చేస్తారు కదండీ" అంది.

తోరణాలు కట్టడానికి తెచ్చిన స్టూలు మీద కూర్చుండిపోయాను. అనిల్ కుమార్ పెళ్లి గుర్తొచ్చింది. ఉంగరం పట్టుకుని, నుదుటి మీద చెమటతో, ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ మార్చి మార్చి చూసుకుంటున్న పెళ్లికొడుకు గుర్తొచ్చాడు. బస్సులో ముసలావిడకి చదువు రాదన్న సంగతి అప్పుడు తట్టింది. ఊరంతటి డౌట్లూ ఆయన తన నెత్తిన వేసుకుని తిరుగుతుంటే, నేను ఇంట్లో ఆయన కళ్లజోడు తోసుకోవడం అనుకరించి మా అమ్మని నవ్వించాను. భూమి చీలితే లోపలికి దూరిపోదామనిపించింది. భూమి చీలలేదు. గడియారంలో నాలుగున్నర అయింది.

ఐదింటికి హాలు నిండిపోయింది. తల్లులు, తండ్రులు, అయ్యగారు, ముందు వరసలో కృష్ణంరాజు గారు. చివరి వరసలో బేబి గారి పక్కన మడత కుర్చీ వేసుకుని రాజరత్నం మాస్టారు. అయ్యగారు అందర్నీ పిలిచారు కాబట్టి ఆయనా వచ్చారు. నేనాయన వైపు చూడలేకపోయాను.

మైకు ముందు నిలబడ్డాను. వెనక తెర తెల్లగా వెలుగుతోంది.

"అందరికీ నమస్కారమండి. కొన్ని సాంకేతిక కారణాల వల్ల..."

"ఏమైందమ్మా?" అన్నారు రాజు గారు.

"ఫైళ్లు... పోయాయండి."

"పద్దెనిమిదీనా? ఎలా పోయాయి?"

జూన్ పోస్టు కళ్ల ముందు కనిపించింది. నా నోరు, ఆ పాపిష్టి నోరు, దానంతటదే తెరుచుకుంది. "పిల్లలు కాపీ చేసేటప్పుడు ఏదో..."

ముందు వరసలో నేల మీద కూర్చున్న ఆశాజ్యోతి బావురుమంది. తక్కిన పిల్లలు తలలొంచుకున్నారు. తల్లులు మెడలు సాచి ఎవరి పిల్ల ఏం చేసిందోనని చూస్తున్నారు.

వెనక మడత కుర్చీ కిర్రుమంది.

"అమ్మా, నాకో డౌటు."

హాల్లో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. మాస్టారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"మొన్న తాళం తీసినప్పుడు ఎవరూ లేకపోతే, ఆ బల్ల మీదున్న కంప్యూటర్లో నేనేదో మీట నొక్కానమ్మా. ఏదో పోయిందని రాసింది. నాకు అర్థం కాక మూసేశాను. దానివల్లేనంటావా?"

హాలు హాలంతా దద్దరిల్లింది. "రాజరత్నం గారాండీ! అయితే ఇంకేం మిగుల్తాయండీ!" అన్నారు రాజు గారు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. ఆశాజ్యోతి ఏడుపు ఆపి వెనక్కి తిరిగి చూసింది. తల్లులు మళ్లీ కుర్చీల్లో వెనక్కి వాలారు. అందరికీ నమ్మకం కుదిరింది. ఎందుకు కుదరదు? ఆయన రాజరత్నం మాస్టారు.

తాళం నాలుగు రోజులుగా నా దగ్గరుంది. ఆయన ఆ హాలు గుమ్మం కూడా తొక్కలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు, పిల్లలందరికీ తెలుసు. పద్దెనిమిది జతల కళ్లు నన్నే చూస్తున్నాయి.

నేను మాట్లాడలేదు. సిగ్గులేకుండా ఉన్నదున్నట్టు చెప్తున్నాను, నేను మాట్లాడలేదు. ఇలా కూడా సరిపోతుంది, గొడవ వదిలిపోతుంది అనుకున్నాను. ఆయనకి ఇదేం కొత్త కాదు కదా అని కూడా అనుకున్నాను. అంత నీచంగా జీవితంలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ పిల్లలు మాత్రం చూపు తిప్పలేదు.

"అబద్ధమండి" అన్నాను మైకులో. "మాస్టారు నాలుగు రోజులుగా ఇక్కడికి రాలేదు. నేనే రావద్దని పిల్లల ముందు అవమానించి పంపించేశాను. ఫైళ్లకి పేర్లు పెట్టాలని చెప్పనిది నేను. ఏదడిగినా మొదటిదే నొక్కమన్నది నేను. లాప్‌టాప్‌లు తుడిచేసింది నేను. పిల్లల తప్పు రవ్వంత కూడా లేదు. వాళ్లకి డౌటొస్తే నన్ను అడగడానికి భయపడ్డారు. మాస్టారుంటే ఆయన అడిగేవారు. ఇన్నాళ్లూ ఆయన అడిగినవన్నీ పిల్లల డౌట్లేనండి."

ఎవరూ నవ్వలేదు. చివరి వరసలోంచి బేబి గారి గొంతు వినపడింది. "హమ్మయ్య! నాలుగు రోజులుగా వంటింట్లో కూర్చుని ఉప్పెప్పుడు వెయ్యాలి, పోపెప్పుడు పెట్టాలి అని నా ప్రాణం తోడేస్తుంటే, మధ్యలో ఇక్కడికెప్పుడొచ్చి మీటలు నొక్కారా అని చూస్తున్నాను!"

అప్పుడు నవ్వారు. ఆ నవ్వులో మాస్టారు మళ్లీ లేచారు.

"అమ్మా, ఇంకో డౌటు. బొమ్మలు పోయాయి సరే. వేసిన వాళ్లు ఇక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నారండీ."

"మరి మొదలుపెట్టరేం?"

జాషువాకి అర్థమైంది. లేచి పరిగెత్తాడు. "ఫ్లై ఇన్ ఫ్రమ్ లెఫ్ట్!" అని అరిచి, ఎడమ తలుపులోంచి ఆరుగురు పిల్లల్ని ఒకళ్ల చొక్కా ఒకళ్ల చేత పట్టించి రైలులా లాక్కొచ్చాడు. "యాత్రికులకు మనవి" అంటూ స్టేషను మైకు గొంతు ముక్కుతో పలికాడు. రైలు వెళ్లిపోతూ డిజాల్వ్ అవ్వాలి కాబట్టి ఆరుగురూ నెమ్మదిగా, చేతులు వణికిస్తూ నేల మీద కరిగిపోయారు. శ్రీదుర్గ కోరుకొండ మెట్లకి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, వేలు చూపించిన కొద్దీ ఒక్కొక్కళ్లని లేపింది. పెద్ద మెట్టు కావాలని అయ్యగార్ని కూడా లేపింది. స్లయిడు మారినప్పుడల్లా చప్పట్ల శబ్దం పెట్టుకున్న పిల్లాడొకడు, చప్పట్లు కొట్టమని జనానికి చేత్తో సైగ చేశాడు. జనం కొట్టారు. వద్దన్నా ఆపలేదు.

చివరికి ఆశాజ్యోతి ఫైలు తెర మీద వెయ్యబోయాను. "వద్దండీ, నాదొక్కటే వెయ్యకండి" అని ఆ పిల్ల తనే వచ్చి, నెత్తిన తడి రుమాలు వేసుకుని, కాళ్లూ చేతులూ ముడుచుకుని బల్ల మీద పడుకుంది. రొయ్యల డాక్టరు కావాలంటే, కృష్ణంరాజు గారు ముందు వరసలోంచి లేచి వచ్చి నాడి చూశారు. "ఆక్సిజన్ తక్కువైందండీ, ఏరేటర్ వెయ్యండి" అని ఆయన గంభీరంగా అంటే చెరువుల మీద పనిచేసే వాళ్లంతా ఈలలేశారు.

వెళ్లేటప్పుడు రాజు గారు నా దగ్గర ఆగారు. "జూన్లో వచ్చి కనపడమ్మా" అన్నారు. "వస్తూ వస్తూ మాస్టార్ని కూడా తీసుకురా. మా టీచర్ల మీటింగులో మధ్యలో కూర్చోబెడదాం. ఒక్కళ్లూ నోరు తెరవరండి అక్కడ."

జనం వెళ్లిపోయాక మాస్టారు కుర్చీ మడుస్తుంటే దగ్గరికెళ్లాను. కాళ్ల మీద పడబోతే ఆయన పక్కకి తప్పుకున్నారు.

"క్షమించండి మాస్టారూ."

"ఎందుకమ్మా? నా సర్వీసులో ముప్పై నాలుగేళ్లు రోజూ అర్థమైందా అని అడిగాను. కాలేదన్న పిల్లాడు ఒక్కడు లేడు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు బయటపడేది ఎంత అర్థమైందో. అయినా క్లాసులో మళ్లీ అదే అడిగేవాణ్ణి. రిటైరయ్యాక గానీ బుద్ధి రాలేదు."

"దానికి కాదండీ. మీరు తప్పు మీ మీద వేసుకుంటే నేను... చాలాసేపు ఊరుకున్నాను."

"చాలాసేపేం కాదు. పది సెకన్లు. లెక్కల మాస్టార్ని కదా, లెక్కపెట్టాను." ఆయన కుర్చీ చంకలో పెట్టుకున్నారు. "నేనొక తప్పు ఒప్పుకోడానికి పదకొండేళ్లు పట్టిందమ్మా. నువ్వు చాలా నయం."

బేబి గారు గుమ్మంలో చెప్పులేసుకుంటున్నవారల్లా ఆగిపోయి, మాస్టారి వైపు ఒక చూపు చూశారు.

"ఏం తప్పండీ మాస్టారూ అది?" అన్నాను.

రాజరత్నం మాస్టారు బేబి గారి వైపు భయంభయంగా చూసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"అన్ని డౌట్లూ అడిగెయ్యకూడదమ్మా" అన్నారు.